అడ్డగీత

మైదా కాగి బుడగలు పైకి తేలుతుంటే జోగయ్య స్టవ్వు మంట తగ్గించి చిటికెడు మైలుతుత్తం పొడి వేశాడు. తెల్లటి జిగురులో నీలం చార ఒకటి చుట్టలు తిరిగి కరిగిపోయింది. ఆ పొడి పడకపోతే అతికించిన కాగితానికి నెల తిరక్కుండా పురుగు పడుతుంది. కర్రతో అడుగు గీకుతూ, జిగురు తాడులా జారేదాకా కలిపి, గిన్నెను గుడ్డతో పట్టుకుని కిందికి దించాడు.

లైబ్రరీ వెనక వరండా అది. ఎదురుగా కాలేజీ ప్రహరీ, దాని అవతల గుణుపురం వెళ్ళే రైలుకట్ట. ఎనిమిదింటికే మార్చి నెల ఎండ గోడ దిగి వరండా సగం ఆక్రమించుకుంది. గిన్నె చల్లారేలోగా జోగయ్య లోపలికి వెళ్ళి పొడవాటి బల్ల మీద పాత పేపర్లు పరిచాడు. బల్లకి ఒక పక్క రెండు వందల సెమినార్ సంచికలు పదేసి చొప్పున పేర్చి ఉన్నాయి. ఇంకో పక్క శ్రీకాకుళం ప్రెస్సు నుంచి నిన్న సాయంత్రం వచ్చిన తప్పొప్పుల చీటీల కట్ట. నాలుగు వేళ్ళ వెడల్పు, ఎనిమిది వరసల ఇంగ్లీషు. ఒక్కో సంచికలో నలభై మూడో పేజీ ఎదురుగా ఒక్కో చీటీ అంటించాలి. ఆరో వరసలో అతని పేరు ఉంది.

జోగయ్య పొట్టి మనిషి. నలభై ఏళ్ళుగా కింది అరల్లోంచి పుస్తకాలు తీసి తీసి నడుము దగ్గర కాస్త ముందుకు వంగిపోయాడు. వేళ్ళు లావు, కొనలు చదును. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంటుంది, చిన్నప్పుడు వలతాడు కోసిన గుర్తు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే పుస్తకాలు కుట్టే దారంతో చెవికి కట్టుకున్నాడు. ఆ మొద్దువేళ్ళు పాత పుస్తకం పేజీ తిప్పితే మాత్రం పక్కన కూచున్నవాడికి కూడా చప్పుడు వినపడదు.

వచ్చే జూన్‌తో అతని సర్వీసు అయిపోతుంది.

ఈ ఉదయం ఇంటి దగ్గర బయల్దేరే ముందు చొక్కా జేబులోంచి ఆ చీటీ ఒకటి తీసి భార్యకు చూపించాడు. అప్పలనరసమ్మ వాకిట్లో కూచుని సంతకి పట్టికెళ్ళే ఎండుచేపలు రకాలవారీగా వేరు చేస్తోంది. నెత్తళ్ళు ఒక గంపలో, సావిడాయిలు ఇంకో గంపలో.

"ఇదిగో, ఇక్కడ సూడు. ఇది బీ. ఇది జే. కలిపితే బి. జోగయ్య."

"నీ పేరే?"

"నా పేరే. ఇంగిలీసులో."

ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుంది గాని చీటీ ముట్టుకోలేదు. చేపల తడి అంటుతుందని తల మాత్రం ముందుకు వంచి చూసింది. "నాకేటి తెలుస్తాది మావా, సీమలబారులాగ ఉన్నాది. ఏటని రాసినారు?"

"నాను రాసింది తప్పు కాదనీసి. తప్పు ప్రెస్సోడిదనీసి. యుగంధర్ బాబే ఏయించినాడు."

"అయితే ఆ బాబు మంచోడే. ఊరికే తిట్టుకున్నాను."

ఆ మాటకి జోగయ్య మనసు తేలికపడింది. పదమూడు రోజులుగా ఇంట్లో ఇద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

ఇప్పుడు బల్ల ముందు కూచుని మొదటి సంచిక తెరిచాడు. బ్రష్షు జిగురులో ముంచి గిన్నె అంచుకి రెండుసార్లు ఒత్తి, చీటీ వెనక ఒక్క ఊపులో రాశాడు. పేజీ లోపలి అంచుకి ఆనించి, మీద మెత్తటి గుడ్డ వేసి మధ్యలోంచి మూలలకి నొక్కాడు. గాలి బుడగ లేదు, ముడత లేదు. తన పేరు పడిన వరస మీద బొటనవేలు ఇంకోసారి నడిచింది.

* * *

జోగయ్య పుట్టింది భావనపాడు దగ్గర రేవులో. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్ళలేని రోజుల్లో ఎండుచేపల గంపలు నౌపడా తెచ్చి, చిన్న రైలెక్కి పాతపట్నం సంతకి వచ్చేవాడు. కొడుకు వెంట వచ్చేవాడు. ఆ రైలు పెట్టెలో వాళ్ళ గంపల పక్కన ఎవరూ కూచునేవారు కాదు. జోగయ్యకి పదిహేడో ఏట ఆ ఊరి కాలేజీ తోటలో మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి మనిషి కావలసి వచ్చింది. తరవాత రెండేళ్ళకి లైబ్రరీలో దుమ్ము దులపడానికి తీసుకున్నారు. అంతే, మరి కదల్లేదు.

అప్పటి లైబ్రేరియన్ జగన్నాధం గారు. నిప్పులాంటి మనిషి. లైబ్రరీ మూలన అద్దాల బీరువా ఒకటి ఉండేది. ఎప్పుడో ఎస్టేటులో మేనేజరుగా పనిచేసిన ఒక దొర పోతూ పోతూ ఇచ్చిన పుస్తకాలు అందులో ఉండేవి. అన్నీ ఇంగ్లీషు నీతిబోధలే. యజమాని ఎలా నడుచుకోవాలి, నౌకరు ఎలా నడుచుకోవాలి, మనిషి తన పాపపుణ్యాలు తనకు తానే ఎలా విచారించుకోవాలి, ఇలాంటివి. కొన్ని మూడు వందల ఏళ్ళు దాటినవి. కాలేజీలో అందరూ దాన్ని నీతి బీరువా అనేవారు. తాళంచెవి జగన్నాధం గారి జంధ్యానికి ఉండేది. ఆయన రిటైరయ్యే రోజున దాన్ని విప్పి జోగయ్య మొలతాడుకి కట్టాడు.

ఇంగ్లీషు అక్షరాలు ఆయనే నేర్పాడు. అట్టల మీద పేర్లు చూసి పుస్తకం అరలో పెట్టడానికి అవి చాలు. నీతి బీరువా దగ్గరికి వచ్చేసరికి జోగయ్య తికమకపడ్డాడు. ఒక అక్షరం ప్రతి వరసలోనూ కనబడేది.

"ఇది ఎఫ్ కదా బాబూ?"

"కాదురా. సరిగ్గా చూడు. ఎఫ్‌కి అడ్డగీత రెండు పక్కలా ఉంటుంది. దీనికి ఎడమపక్క చిన్న ముల్లు, అంతే. ఇది ఎస్. ఆ కాలంలో ఎస్‌ని అలా పొడుగ్గా అచ్చువేసేవాళ్ళు. ఆ సగం గీత చూడనివాడు ఈ పుస్తకాలు ముట్టుకోకూడదు."

జోగయ్య ఆ సగం గీతను చూడటం నేర్చుకున్నాడు. మాటకి అర్థం తెలియదు. అక్షరం మాత్రం తప్పేవాడు కాదు.

ఆరేళ్ళ కిందట యుగంధర్ ఇంగ్లీషు లెక్చరరుగా వచ్చాడు. బొబ్బిలి బట్టల వర్తకుల అబ్బాయి, మంచి మాటకారి. పదవిలో పైకి పోవాలంటే పీహెచ్‌డీ ఉండాలన్నారు. ఊళ్ళోనే నీతి బీరువా ఉండగా వేరే విషయం ఎందుకని పాత ఇంగ్లీషు నీతి గ్రంథాల మీదే పరిశోధన మొదలుపెట్టాడు. బీరువా తెరిచిన మొదటిరోజే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఏమిటయ్యా, ఎండుచేపల వాసన!" అన్నాడు. అది పాత తోలు, జిగురు వాసనని జోగయ్య చెప్పబోయి ఊరుకున్నాడు.

ఆ పుస్తకాలు జెరాక్సు మిషను మీద బోర్లించకూడదని జగన్నాధం గారి నియమం. వెన్ను విరిగిపోతుంది. కూచుని రాసుకునే తీరిక యుగంధర్‌కి లేదు. "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందటగా జోగయ్యా. నేను గుర్తు పెట్టిన పేజీలు నకలు తీసిపెట్టు. నా థీసిస్‌లో, నా పేపర్లలో నీ పేరు వేసి కృతజ్ఞతలు చెబుతాను" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద జోగయ్య రెండేళ్ళు రాశాడు. మధ్యాహ్నం భోజనాల గంట రాగానే గబగబా నాలుగు ముద్దలు మింగి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, బీరువా తెరిచేవాడు. రోజుకి రెండు పేజీలు. రాయడం కాదు అది, అక్షరం తరవాత అక్షరం బొమ్మ గీయడం. సగం గీత ఉన్నచోట సగం గీతే పెట్టాడు. నాలుగు పెద్ద నోటు పుస్తకాలు నిండాయి.

యుగంధర్ వాటిని శ్రీకాకుళంలో టైపు చేసేవాడికి ఇచ్చి, పని అయ్యాక తిరిగి ఇచ్చేశాడు. "భద్రంగా దాచు" అన్నాడు. ఆ టైపువాడి మిషను మీద పొడుగు ఎస్ లేదు. దగ్గరగా కనిపించిన ఎఫ్ కొట్టుకుంటూ పోయాడు. యుగంధర్ తన వాక్యాలు తాను దిద్దుకున్నాడు గాని, ఉల్లేఖనలు మళ్ళీ చదవలేదు. పాత పుస్తకంలో స్పెల్లింగు ఎలా ఉందో అలాగే ఉంచామని ఫుట్‌నోటు పెట్టి ఊరుకున్నాడు.

* * *

ఫిబ్రవరి నెలాఖరున కాలేజీలో జాతీయ సెమినార్ జరిగింది. హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. జుట్టు తెల్లగా, గొంతు మెల్లగా ఉండే మనిషి. రేపు యుగంధర్ థీసిస్‌కి పరీక్షకురాలిగా ఆమే రావచ్చని స్టాఫ్‌రూములో అనుకున్నారు. అందుకే యుగంధర్ ఆ రోజు కోటు వేసుకొచ్చాడు.

జోగయ్యకి దొర పుస్తకం ఒకటి పట్టుగుడ్డలో చుట్టి వేదిక పక్కన నిలబడే పని అప్పజెప్పారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పుస్తకాన్ని రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. అంతకుముందే సంచికలో కృతజ్ఞతల పేజీ వేలు పెట్టి వెతికాడు. ప్రిన్సిపాలు పేరుంది, కమిటీ వాళ్ళ పేర్లున్నాయి, బొబ్బిలి మావగారి పేరు కూడా ఉంది. బహుశా ఇంకో పేజీలో ఉంటుందనుకున్నాడు.

యుగంధర్ పేపరు చదవడం అయ్యాక ప్రొఫెసరమ్మ సంచిక చేతిలోకి తీసుకుంది.

"ఇక్కడ మీరు ఉదాహరించిన వాక్యం నాకు కొంచెం అర్థం కాలేదండీ. తెలుగులో చెబుతాను. 'యజమాని తన చేపరెక్కను నౌకరు వీపుకి కట్టి ఊరి బయటికి పంపిస్తాడు. నౌకరు తిరిగి వచ్చేసరికి చేపరెక్క అంతకుముందే ఇల్లు చేరి ఉంటుంది.' ఈ చేపరెక్క ఏమిటి?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. యుగంధర్ తన పేజీ కేసి చూసుకున్నాడు. సిన్ అని ఉండాల్సిన చోట ఫిన్ అని ఉంది. పాపం కావలసింది చేపరెక్క అయింది. ఆమె పేజీ తిప్పింది. ఆత్మ అని ఉండాల్సిన చోటల్లా మురికి అనే మాట పడింది. "మనిషి మురికిని దేవుడు తన పోలికతో సృష్టించాడని ఈ గ్రంథకర్త అనడు కదా?" అంది.

ఆమె పుస్తకం అడిగితే జోగయ్య ముందుకు వచ్చి గుడ్డ విప్పి ఇచ్చాడు. చూసీ చూడగానే ఆమెకి సంగతి అర్థమైంది.

"పొడుగు ఎస్ ఇది. ఎవరు నకలు తీశారు?"

యుగంధర్ మెడ మీద చెమట కాలరు దాకా దిగింది. మైకు దగ్గరికి వంగాడు. "మా అటెండరు జోగయ్య, మేడమ్. అదుగో, అతనే. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. అందుకే పాపం, పాపం కూడా చేపరెక్కలాగే కనబడింది."

హాలంతా నవ్వింది. ముందు వరసలో ప్రిన్సిపాలు నవ్వాడు. వెనక పిల్లలు బల్లలు చరిచారు. ప్రొఫెసరమ్మ కూడా, అంతమంది నవ్వుతుంటే, పెదవులు బిగించుకుని నవ్వింది.

జోగయ్య కుడిచెయ్యి కొంచెం పైకెత్తాడు. "నాను గీత ఒక పక్కే..." అన్నాడు. నోటు పుస్తకాలు లోపలున్నాయి, పరిగెత్తి తేగలడు. ప్రిన్సిపాలు వేళ్ళతో వెనక్కి పొమ్మని సైగ చేశాడు. ఇంకెవరికో టీలు అందలేదట.

ఆ సాయంత్రం యుగంధర్ వరండాలోకి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఏదో అలా అనాల్సి వచ్చింది. మనసులో పెట్టుకోకు. తప్పొప్పుల చీటీ వేయిస్తాను. అందులో నీ పేరు అచ్చులో వస్తుంది, చూడు."

జోగయ్య ఆ మాటని తనకి కావలసినట్టు అర్థం చేసుకున్నాడు.

* * *

పదకొండున్నరకి తెలుగు లెక్చరరు రాధిక పత్రికలు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. అప్పటికి నూట ఇరవై ఎనిమిది సంచికలు అయ్యాయి. పూర్తయినవి బల్ల చివర బోర్లించి, మీద లావుపాటి నిఘంటువులు బరువు పెట్టి ఉన్నాయి. రీడింగు రూములో ఇద్దరు కుర్రాళ్ళు పేపరు పంచుకుని రాష్ట్రం విడిపోతే ఏ ఉద్యోగం ఎటు పోతుందో మాట్లాడుకుంటున్నారు.

"ఏంటి జోగయ్యా, మొహం ఇవాళ వెలిగిపోతోంది?"

"నా పేరు అచ్చయినాదమ్మా." చీటీ ఒకటి పొడిగా ఉన్నది చూసి, అరచేతిలో పెట్టి అందించాడు. "అచ్చరాలు తెలుస్తన్నాయి గాని మాట తెలీదు. నువ్వు ఒక్కసారి తెలుగులో సదివి సెప్పమ్మా. ఇంటికాడ సెప్పాలి."

రాధిక నవ్వుతూనే అందుకుంది. "ఈ సంచికలో నలభై మూడో పేజీ నుంచి యాభై ఒకటో పేజీ దాకా ఉన్న ఉల్లేఖనల్లో కొన్ని అక్షర దోషాలు దొర్లాయి. ఫిన్ అన్న చోట సిన్ అనీ, ఫౌల్ అన్న చోట సోల్ అనీ చదువుకోవాలి..."

"అదే అదే. ఆ తరవాత?"

ఆమె కళ్ళు ఆరో వరస మీదికి వెళ్ళి ఆగాయి. నవ్వు అక్కడే తెగింది. "ఆ తరవాత... నువ్వు నకలు తీశావని ఉంది."

"మరేటుంది? ఇంకా రెండు వరసలున్నాయి కదమ్మా."

"తెలియక జరిగాయని."

"ఎవులికి తెలీక?"

రాధిక చీటీ మడవబోయింది.

"నువ్వు ఉన్నదున్నట్టు సదివీయమ్మా. నాకేటీ అవ్వదు."

ఆమె చీటీని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది, అతని మొహం కనబడకుండా. "ఈ తప్పులన్నీ మూలగ్రంథాన్ని నకలు చేసిన అటెండరు శ్రీ బి. జోగయ్య అజ్ఞానం వల్ల జరిగినవి. వ్యాసకర్తకు వీటితో ఏ సంబంధమూ లేదు."

బయట గూడ్సు రైలు పోతోంది.

"అజ్ఞానం," అన్నాడు జోగయ్య.

"వదిలెయ్. అంటించకు. నేను ప్రిన్సిపాలు గారితో మాట్లాడతాను."

"మాట్లాడతావేటమ్మా?"

ఆమె ఉద్యోగం కాంట్రాక్టుది. ఏటా జూన్‌లో ప్రిన్సిపాలు సంతకం పెడితేనే కొనసాగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రాధిక పత్రికలు బల్ల మీద పెట్టి, చీటీ ఎక్కడ పెట్టాలో తెలియక వాటి మీదే పెట్టి వెళ్ళిపోయింది.

జోగయ్య లేచి నీతి బీరువా తెరిచాడు. కింది అరలోంచి నాలుగు నోటు పుస్తకాలూ తీసి, చంకన పెట్టుకుని స్టాఫ్‌రూముకి నడిచాడు. నలభై ఏళ్ళలో పిలవకుండా ఆ గది గుమ్మం ఎక్కడం అదే మొదలు.

యుగంధర్ ఒక్కడే ఉన్నాడు. క్యారేజీ విప్పుకుంటున్నాడు.

"అయిపోయాయా జోగయ్యా?"

"ఇది ఒక్కటి సూడండి బాబూ." మొదటి నోటు పుస్తకం తెరిచి క్యారేజీ పక్కన పెట్టాడు. చీలిన గోరుతో చూపించాడు. "గీత ఇటేపే ఉన్నాది. అటేపు లేదు. ఇక్కడా అంతే. ఈ పేజీలో పదకొండుసోట్ల ఉన్నాది, పదకొండుసోట్లా అంతే. నాను తప్పు రాయలేదు."

యుగంధర్ చూశాడు. శ్రద్ధగానే చూశాడు. బహుశా ఆ పేజీలు అతను సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"నాకు తెలుసు," అన్నాడు చివరికి. "నువ్వు సరిగ్గానే రాశావు."

"మరి అజ్ఞానం అనీసి ఎందుకు రాసినారు?"

యుగంధర్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "కూచో. కూచోవయ్యా." జోగయ్య కూచోలేదు. "ఆ మేడమే రేపు నా థీసిస్ చూసేది. అందులోనూ ఇవే తప్పులున్నాయి. తప్పు ఎలా వచ్చిందో రాసి పంపమంది. నేను చదవలేదని రాయనా? ఆరేళ్ళ పని పోతుంది. నాకింకా ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది, జోగయ్యా. నువ్వు జూన్‌లో ఇంటికి పోతావు. నీకు దీనివల్ల పోయేదేముంది చెప్పు? నీ పెన్షను ఆగదు. ఊళ్ళో ఎవడికీ తెలియదు. అసలు ఆ చీటీలో నీ పేరు ఎవడు చదువుతాడు?"

జోగయ్య నోటు పుస్తకం మూశాడు. మూలలు సరిచేసి నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు.

"నాను సదివినాను బాబూ," అన్నాడు.

యుగంధర్ క్యారేజీ మూత తిరిగి పెట్టాడు. "సాయంత్రానికి పూర్తి చెయ్యి. రేపు పోస్టులో పంపాలి" అన్నాడు.

* * *

జోగయ్య తిరిగి వచ్చి బల్ల ముందు కూచున్నాడు. జిగురు మీద మీగడ కట్టింది. దాన్ని కర్రతో తీసి పారేసి, కాస్త వేడినీళ్ళు కలిపాడు. నూట ఇరవై తొమ్మిదో సంచిక తెరిచాడు.

ఎందుకు అంటించాడంటే అతను కూడా చెప్పలేడు. అప్పగించిన పని సగంలో వదలడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు. బ్రష్షు ముంచడం, ఒత్తడం, రాయడం, ఆనించడం, నొక్కడం. పొద్దున్న పేరు మీద నడిచిన బొటనవేలు ఇప్పుడు ఆ వరస దగ్గరికి రాగానే పక్కకి తప్పుకుంటోంది. ఒక్క ముడతా పడలేదు. భోజనాల గంట కొట్టింది, అతను లేవలేదు. ఎడమ భుజం లాగుతోంది. పొద్దున్నుంచి వంగి కూచున్నందుకని అనుకున్నాడు.

మూడున్నరకి రెండు వందలూ అయ్యాయి. నూట తొంభై తొమ్మిదింటిని కట్టలు కట్టాడు. ఒకటి లైబ్రరీకి మిగలాలి. దానికి కాలేజీ ముద్ర వేసి, కిటికీ దగ్గర వెలుగున్న చోట స్టూలు వేసుకుని కూచున్నాడు. నలభై మూడో పేజీ తెరిచాడు.

సొరుగులోంచి కొత్త బ్లేడు తీసి మధ్యకి విరిచాడు. తప్పుగా పడిన తేదీ ముద్రలు గీకి తీసే పద్ధతి జగన్నాధం గారు నేర్పిందే. బ్లేడు పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి, కాగితం తోలు లేవకుండా సిరాని మాత్రం లేపాలి. మొదటి ఎఫ్ దగ్గర బ్లేడు మొన ఆనించాడు. అడ్డగీత కుడి సగాన్ని నాలుగుసార్లు గీకాడు. నల్లటి పొడి లేచింది. దాన్ని ఊదాడు. ఎడమపక్క చిన్న ముల్లు మాత్రం మిగిలింది.

దొర పుస్తకంలో ఎలా ఉందో అలా ఉంది.

రెండోదానికి వెళ్ళాడు. తొమ్మిది పేజీల్లో అలాంటివి అరవై పైచిలుకు ఉన్నాయి. ఏది నిజంగా ఎఫ్ అయిన ఎఫో, ఏది ఎస్ కావలసిన ఎఫో మాట అర్థం తెలియని మనిషికి ఎలా తెలుస్తుంది? నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, వరస వరసా పోల్చి చూసి గీకాడు. ఎండ స్టూలు దాటి గోడ ఎక్కింది. కళ్ళజోడు దారం తడిసి చెవికి అంటుకుంది. భుజంలో లాగుడు మోచేతి దాకా దిగింది. ఒకసారి బ్లేడు పక్కన పెట్టి, చెయ్యి విదిలించుకుని మళ్ళీ తీసుకున్నాడు. పంతొమ్మిదో అక్షరం దాకా వచ్చాడు.

అయిదింటికి వాచ్‌మన్ పోతురాజు తాళాలు వెయ్యడానికి వచ్చాడు. కిటికీ దగ్గర జోగయ్య పుస్తకం పక్కన చెంప ఆనించి ఉన్నాడు.

"ఏటి జోగయ్యా, కునుకు తీస్తన్నావా? లే, తలుపులేసీయాల" అన్నాడు. కిటికీలు ఒక్కొక్కటీ మూసుకుంటూ వచ్చి, చివరిది మూయడానికి అతని భుజం పట్టి కదిపాడు. అప్పుడు తెలిసింది.

* * *

మర్నాడు కాలేజీకి ఒంటిపూట సెలవిచ్చారు. సంతాపసభలో ప్రిన్సిపాలు నాలుగు ముక్కలు మాట్లాడాడు. యుగంధర్ లేచి, జోగయ్య సేవ మరువలేనిదని చెబుతూ వాక్యం పూర్తి చెయ్యకుండానే కూచున్నాడు. అది నటన కాదు. చీటీలు అంటించిన నూట తొంభై తొమ్మిది సంచికలూ అంతకుముందే పోస్టాఫీసుకి చేరాయి. శ్రావణమాసంలో యుగంధర్‌కి పీహెచ్‌డీ వచ్చింది.

జోగయ్య పోయిన పదకొండు రోజులకి అప్పలనరసమ్మ కాలేజీకి వచ్చింది. బీరువా తాళంచెవి ఇచ్చెయ్యమని కబురు పెట్టారు. ఆమె దాన్ని కొంగు ముడిలోంచి విప్పి ప్రిన్సిపాలు బల్ల మీద పెట్టింది. వెళ్ళకుండా నిలబడింది.

"ఏం కావాలమ్మా?"

"నాకేటీ వద్దు బాబూ. అచ్చులో మావ పేరు పడ్డాదట. తప్పు తనది కాదనీసి రాసినారట, ఆ పొద్దున్నే సెప్పినాడు. ఆ పుస్తకం ఒకటి ఇప్పిస్తే ఇంటికాడ ఉంచుకుంటాను."

గదిలో యుగంధర్ ఉన్నాడు, రాధిక ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మిగిలింది లైబ్రరీ సంచిక ఒక్కటే. ప్రిన్సిపాలు దాన్ని తెప్పించి తిరగేశాడు. మూడు పేజీల్లో అక్షరాల మధ్య తెల్లటి గీరలు ఉన్నాయి. "ఇది ఎలాగూ పాడైపోయింది. ఇచ్చెయ్యండి" అన్నాడు.

రాధిక ఆమెతోపాటు గేటు దాకా నడిచింది. ఏదో చెప్పాలని రెండుసార్లు ఆగింది. అప్పలనరసమ్మ చీటీ ఉన్న పేజీ తెరిచి, "ఏదమ్మా, ఎక్కడున్నాది?" అని అడిగితే, ఆరో వరస మీద వేలు పెట్టి చూపించింది.

ఇంటికి పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకీ అప్పలనరసమ్మ ఆ పేజీ తెరిచి పెట్టింది. భావనపాడు నుంచి వచ్చిన మరిది, గట్టవతల పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒరియా బేరగాళ్ళు, సంతలో పక్క గంపలవాళ్ళు, అందరూ వంగి చూశారు. చదవగలిగినవాళ్ళు వాళ్ళలో లేరు. "జోగయ్య గొప్పోడే" అన్నారు.

తరవాత ఒకరోజు ఆమె పుస్తకం తుడుస్తూ ఆ గీరలు చూసింది. కాగితం అక్కడక్కడ పలచబడింది. పురుగు పట్టినట్టుందనుకుంది. ఆ ఉదయం నెత్తళ్ళు ఆరబెట్టడానికి వాకిట్లో పట్టా పరిచినప్పుడు, ఒక మూల శుభ్రంగా తుడిచి, పుస్తకాన్ని ఆ పేజీ దగ్గరే విప్పి ఎండలో పెట్టింది. మహేంద్రతనయ నది మీంచి వచ్చే గాలికి పేజీలు కొట్టుకుంటున్నాయి. లోపలికి వెళ్ళి, తక్కెడలోంచి పావుకిలో తూకంరాయి తెచ్చి దాని మీద పెట్టింది. సాయంత్రం చేపలు ఎత్తేసినా పుస్తకం అక్కడే ఉంది, పేజీ మధ్య నల్లగా ఆ ఇనప తూకంరాయి, ఇంకా వేడిగా.